ఎక్కడ తగ్గాలో తెలిసిన పిల్ల

2023 జూలై. నిజామాబాద్ వైపు నుంచి వచ్చే రైలు గోదావరి వంతెన మీదికి రాగానే పెట్టెలో మాటలు తగ్గుతాయి. కిటికీ దగ్గరివాళ్లు నాణేలు తీసి నీళ్లలోకి విసురుతారు. కాసేపటికే బాసర. దిగిన జనంలో పలకా బలపం పట్టుకున్న కుటుంబాలు అక్షరాభ్యాసానికి జ్ఞాన సరస్వతి గుడి వైపు వెళ్తాయి. సర్టిఫికెట్ల ఫైలు గుండెకు అదుముకున్న పదిహేనేళ్ల పిల్లలు ట్రిపుల్ ఐటీ వైపు. మీరు ఈ పిల్లలతో ఆటో ఎక్కండి.

క్యాంపస్‌లో వరుస పొడవుగా ఉంది. మీ ముందు ఒక అమ్మాయి, పక్కన ఆమె తండ్రి. జిల్లా పరిషత్ బడిలో చదివిన పిల్ల. వెనకున్న పెద్దమనిషి పలకరిస్తాడు.

“పదో తరగతిల ఎంతొచ్చింది బిడ్డా?”

“తొమ్మిది పాయింట్ ఏడు.”

“పదికి పదొచ్చినోళ్లకే సీటు రాలేదంటున్నరు గదా?”

ఆమె పెన్ను తీసి ఫైలు అట్ట మీదే లెక్క వేసి చూపిస్తుంది. ఆరు సబ్జెక్టులు. నాలుగింటిలో పది గ్రేడ్ పాయింట్లు, హిందీలో, సోషల్‌లో తొమ్మిది. మొత్తం 58. ఆరుతో భాగిస్తే 9.7. హాస్టల్ లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల పిల్లలకు 0.4 కలుపుతారు. 10.1.

పెద్దమనిషి ఆ అంకె వైపే చూస్తూ నిలబడతాడు. మీరు అసలు సంగతి గమనించండి. ఇద్దరికి సమానంగా వస్తే ముందు గణితం గ్రేడు చూస్తారు, తర్వాత సైన్సు, ఆ తర్వాత ఇంగ్లిష్. తొమ్మిదో తరగతిలోనే ఈ వరుస తెలుసుకుని, అవసరమైతే ఎక్కడ ఒక మెట్టు తగ్గినా ఫర్వాలేదో, ఎక్కడ అసలు తగ్గకూడదో తేల్చుకుంది ఈ పిల్ల. కష్టమైన చదువుకు ప్రణాళిక అంటే నాకు తెలిసి ఇదే. అన్నీ నెత్తికెత్తుకుంటామంటే మోయలేం.

ఆ 0.4 దయాదాక్షిణ్యం కాదు. ల్యాబు లేని బడిలో, ట్యూషన్ లేని ఊళ్లో తెచ్చుకున్న 9.7 బరువు వేరని ఒప్పుకోవడం. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ఈ విద్యాసంస్థ మొదలైంది పల్లె పిల్లల కోసమే. ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి దీనికి తొలి ఛాన్సలర్. ఆయనా అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు అనే ఊరి నుంచి వెళ్లినవారే. ప్రవేశ పరీక్ష పెడితే కోచింగ్ కొనుక్కోగలిగినవాళ్లు ముందుంటారు. అందుకే పదో తరగతి ఫలితాన్నే కొలబద్దగా తీసుకున్నారు.

సర్టిఫికెట్ల పరిశీలన ముగిసింది. చెట్టు కింద ఒక సీనియర్ అమ్మాయి కొత్తవాళ్లకు చెబుతోంది. మీరూ దగ్గరికి జరగండి.

“ఆరేండ్ల చదువు. మొదటి రెండేండ్లు పీయూసీ, అంటే ఇంటర్ లెక్క, తర్వాత నాలుగేండ్లు బీటెక్. పీయూసీల వచ్చిన గ్రేడ్లను బట్టే బ్రాంచి. మొదటి సెమిస్టర్ అలకగ తీసుకోకుర్రి. తెలుగు మీడియం నుంచి వచ్చినోళ్లు పాఠం అర్థంగాకుంటే అదే రోజు అడుగుర్రి. రేపటికి పెట్టుకుంటే కుప్ప అయితది.”

“అక్కా, జేఈఈ గూడ రాయొచ్చా?” మన అమ్మాయి అడుగుతుంది.

“రాయొచ్చు. రాస్తవా, రాయవా మొదటి నెలల్నే తేల్చుకో. సగం అటు, సగం ఇటు చదివితే మాత్రం రెండూ పోతయి.”

సాయంత్రం తిరుగు రైలు. తండ్రీకూతుళ్ల ఎదుటి సీటు మీదే. ఆమె నోటుబుక్కు తెరిచి పేజీ మధ్యలో గీత గీస్తుంది. ఒక వైపు ‘వదలనివి’, మరో వైపు ‘వదిలేవి’. మొదటి దాని కింద గణితం, ఇంగ్లిష్, ఏ రోజు పాఠం ఆ రోజే. రెండో దాని కింద జేఈఈ అని రాసి, కాసేపు ఆలోచించి, అలాగే ఉంచుతుంది.

తండ్రి మెడ వంచి మెల్లగా కూడబలుక్కుని చదువుతాడు.

“మరి నిద్ర యాడ రాసినవు బిడ్డా?”

“మరిసిన బాపూ.”

రైలు వంతెన మీద మోగుతోంది. ఆమె పెన్ను మళ్లీ ‘వదలనివి’ కిందికి వెళ్తుంది.