ఇంటి ఖర్చు – శిల్పి లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దల మాట. పెండ్లి ఖర్చు ఐదునాళ్ళలో తేలిపోవును. ఇంటి ఖర్చు అట్లు కాదు. శంకుస్థాపననాడు ఒక లెక్క, గృహప్రవేశమునాడు వేరొక లెక్క. అప్పుచేసి కట్టిన యింటిని ఆ యప్పు తీర్చుటకే అమ్ముకొనిన కుటుంబములు మన పల్లెలలో లేకపోలేదు. ఈ తేడా ఎక్కడినుండి వచ్చుచున్నది? ఇంటికి రూపకల్పన చేయు శిల్పి దానిని పెంచునా, తగ్గించునా? ఈ చిన్న ప్రసంగములో మేము విచారింపదలచినది ఇదియే.

విచారణకు పామర్రు తగిన తావు. బెజవాడనుండి బందరు పోవు బాటమీద నున్న యీ యూరినుండి గుడివాడకొక త్రోవ, చల్లపల్లిమీదుగా దివిసీమకొక త్రోవ చీలును. ఇచ్చటి నేల నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. దాపున కొండ లేదు, రాయి లేదు. కావున ఇల్లు కట్టువాడు గోడ లేపుటకు ముందే నేలతో బేరమాడవలెను.

పూర్వము సామాన్యుని గృహము చుట్టిల్లు. మట్టిగోడ, తాటిదూలము, తాటాకు కప్పు. గుండ్రని గోడను గాలి ఒరసికొని పోవును. క్రిందికి దిగిన చూరు వానజల్లును గోడకు సోకనీయదు. దానికి ప్రత్యేకముగా శిల్పి లేడు. తరతరముల అనుభవమే శిల్పి. ఖర్చులో పెద్దపాలు ఇంటివారి రెక్కల కష్టము, ఇరుగుపొరుగుల సాయము.

1855లో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. కాలువలు నీటితోపాటు పడవలను గూడ తెచ్చినవి. వరి డబ్బు నిచ్చెను. పడవలు రాయిని, కలపను, సున్నమును మోసెను. మట్టియిండ్ల నడుమ మండువా లోగిళ్ళు, గానుగసున్నముతో మిద్దెలు లేచెను. 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరులో పెంకుల కర్మాగారము స్థాపించిన పిమ్మట ఆ మాదిరి పెంకు క్రమముగా దక్షిణదేశమంతట వ్యాపించెను. ఒకనాడు రెక్కలతో చెల్లినది ఇప్పుడు రొక్కముతో చెల్లింపవలసి వచ్చెను. లెక్క మాత్రము మేస్త్రీ నోటనే నిలిచెను. సగము గోడ లేచిన పిదప ఇంకొక గది, ఇంకొక వసారా అని యజమాని మనసు మారినప్పుడెల్ల ఆ నోటిలెక్క తప్పుచునే యుండెను.

మన వాస్తుశాస్త్రములు ఈ చిక్కును ఎరుగనివి కావు. మయమతము, మానసారము స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి అని నలుగురిని వేరువేరుగా పేర్కొన్నవి. మొత్తము పనిని ముందుగా ఆలోచించువాడు స్థపతి. పల్లెలో ఆ నాలుగు పనులును ఒక్క మేస్త్రీ తలమీదనే పడినవి.

రోమనుశిల్పి విట్రూవియస్ రెండువేల యేండ్ల క్రిందట ఎఫెసస్ నగరపు చట్టమొకటి చెప్పినాడు. ప్రభుత్వభవనము చేపట్టు శిల్పి ముందుగా ఖర్చు ప్రకటింపవలెను. పని ముగియువరకు అతని ఆస్తి తాకట్టులో నుండును. చెప్పిన మొత్తములో పూర్తిచేసినచో సన్మానము. నాలుగవవంతు మించినచో ఆ పై సొమ్ము అతని ఆస్తినుండియే రాబట్టుదురు. ఇట్టి చట్టము సొంతయిండ్లకును ఉండిన బాగుండునని విట్రూవియస్ కోరిక.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో శిల్పి ప్రతిఫలము ఖర్చుమీద నూటికి ఐదు అనుట వాడుకయైనది. ఖర్చు పెరిగినకొలది ప్రతిఫలము పెరుగుటచే యజమానికి అనుమానము సహజము. కాని కేరళలో స్థిరపడిన లారీ బేకరు, 2007లో మరణించువరకు, దీనికి ఎదురుదారిన నడిచినాడు. ఇటుకలను అంచుమీద నిలిపి నడుమ ఖాళీ యుంచు కట్టుబడిచే సుమారు నాలుగవవంతు ఇటుక మిగులునని పెక్కుయిండ్లలో కట్టి చూపినాడు. శిల్పి ఖర్చును తగ్గింపగలడనుటకు ఇంతకన్న నిదర్శనమేమి?

ఆలోచనలేని కట్టడమునకు మన సీమ చెల్లించిన మూల్యము డబ్బుతో పోలేదు. 1864 నవంబరు 1న బందరు ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు మించి పోయిరి. గాలికి తలయొగ్గి నిలిచిన మట్టియిల్లు సముద్రపు నీటికి కరిగిపోయెను. గట్టి భవనముల పైకప్పు లెక్కినవారు పెక్కుమంది బ్రతికిరి.

కావున మా మనవి యిది. రూపాయి మొదట నేలలోనికి పోవలెను, తరువాత కప్పునకు, కట్టకడపట ముఖద్వారపు సొగసులకు. రేగడినేలకు రూర్కీ కేంద్రభవనపరిశోధనాసంస్థవారు పరిష్కారము చూపియున్నారు. తడి మారని లోతువరకు బోరు వేసి, అడుగున గంటవలె వెడల్పుచేసి పోయు కాంక్రీటు స్తంభములవి. అవి గృహప్రవేశమునకు వచ్చిన చుట్టముల కంటబడవు. కాని గోడ పగులకుండ కాచునవి అవియే. ఇట్టి కంటికి కానరాని ఖర్చును ముందే లెక్కగట్టి, యజమానిచేత ఒప్పించుటయే శిల్పి పని. కాగితముమీద గోడను జరుపుటకు రబ్బరుముక్క చాలును. నేలమీద జరుపుటకు గడ్డపార, కూలి, మరల ఇటుక, మరల అప్పు కావలెను. గడ్డపార పట్టుటకు ముందు కాగితము పట్టుడు.