వేలంపాటలో వచ్చిన టాపులేని కారు

మన ప్రాంతంలో ఏ మంచిపని తలపెట్టినా ముందు కురుడుమలె వినాయకునికి మొక్కుకొనుట ఆనవాయితీ. ముళబాగిలు దాపున ఏకశిలలో వెలసిన, సుమారు 13 అడుగుల ఎత్తుగల ఆ స్వామిని తలచుకొని, ఈ ఉగాది సంచిక పాఠకులకు ఒక చిన్న చరిత్ర మనవి చేస్తున్నాను. ఇది రాజుల చరిత్ర కాదు. వేలంలో చేతులు మారిన టాపులేని స్పోర్ట్సు కారు చరిత్ర. ఇదేమి చరిత్ర అని కొందరు నవ్వవచ్చు. కాని మన బంగారు గనుల కథ కూడా దీనితో ముడిపడి ఉన్నది.

1880లో జాన్ టేలర్ కంపెనీవారు కోలారు గనులలో ప్రవేశించిరి. బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట నుండి గనులకు 1894లో రైలు వచ్చినది. 1902లో శివసముద్రం నుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. కొండమీద దొరల బంగళాలు, క్లబ్బు. గనిలోపల మన తెలుగు, తమిళ కూలీలు. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకొన్నది. 1962లో అవి కేంద్ర ప్రభుత్వం క్రిందికి వచ్చినవి. దొరలు వెళ్ళిపోయిరి.

ఆ కాలపు ఇంగ్లీషువారు ముచ్చటపడిన బండ్లలో ఎం.జి. కంపెనీవారి టి.సి. ఒకటి. 1945 నుండి 1949 వరకు సుమారు 10,000 బండ్లు తయారైనవి. ఇద్దరికే చోటు. 1250 సి.సి. ఇంజను, సన్నని కమ్మీల చక్రాలు, మడిచిపెట్టుకొనే గుడ్డ టాపు. తలుపులకు అద్దాలు ఉండవు. వాన వస్తే ప్రక్కతెరలు తగిలించుకోవలసిందే.

ఇటువంటి బండి మధ్యతరగతివాని చేతికి ఎట్లా వచ్చును? స్వాతంత్ర్యం తరువాత విదేశీ కార్ల దిగుమతిపై కట్టుబాట్లు బిగిసినవి. బొంబాయిలో కార్లు బిగించిన జనరల్ మోటార్సువారు 1954లో ఆ పని మానుకొన్నారు. తరువాత మనకు దొరికినవి అంబాసిడర్, ఫియట్, మద్రాసు స్టాండర్డు బండ్లే. విదేశీ బండి కావలెనంటే దేశం విడిచి పోయేవారి వద్దనో, వేలంలోనో కొనవలెను. 1956లో ఏర్పడిన స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ రాయబార కార్యాలయాలవారి పాత కార్లను తీసుకొని వేలం వేసేది. ఒకరు వదిలిన బండే మరొకరికి భాగ్యమైనది.

రైల్వేలో గుమాస్తాపని చేసేవానికి వేలం కొత్త కాదు. సొంతదారు విడిపించుకొనని సరుకు గూడ్సుషెడ్డులో చివరకు వేలానికే వస్తుంది. "ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటనే" అన్నది మొదటి షరతు. ధరావతు కట్టి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనిపించుకొన్న తరువాత లోపం కనిపించినదని మొరపెట్టుకొన్నా ఎవరూ వినరు. కనుక పాటకు ముందే చూచుకోవలెను. కాగితాలమీది ఇంజను నెంబరు, చాసిస్ నెంబరు బండితో సరిపోవలెను. టి.సి. బండికి రేకు క్రింద ఉన్నది కొయ్య చట్రం. పైన రంగు మెరుస్తున్నా లోపల కొయ్య పుచ్చి ఉండవచ్చు. తలుపు వ్రేలాడుతూ మూసుకోకపోతే అనుమానించవలెను.

ఇంజనులో ఇంకొక వింత కలదు. బోల్టుల మర మిల్లీమీటర్ల కొలతది; వాటి తలలు మాత్రం ఇంగ్లండు విట్‌వర్తు స్పానర్‌కే సరిపోతవి. ఇది తెలియని మెకానిక్కు చేతిలో పెడితే మర చెడిపోవును. ఓపికగలవారికి ఒక ఊరట ఉన్నది. ఇంగ్లండులో ఈ బండ్ల విడిభాగాలు నేటికీ తయారవుతున్నవి.

2021లో మన కేంద్ర ప్రభుత్వం 50 ఏండ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు వేరుగా నిబంధనలు చేసినది. నెంబరులో "వి.ఎ." అక్షరాలు ఉంటవి. కొత్త రిజిస్ట్రేషనుకు రు. 20,000 కట్టవలెను, అది 10 సంవత్సరాలు చెల్లును. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకుపోవచ్చును గాని దినదినమూ ఆఫీసుకు తోలరాదు.

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనుకాడరాదు. వేలంలో పెట్టిన సొమ్ము ఒకనాటితో సరి. పోషణ ఏనాటికీ తీరదు. ఇది కారుకే కాదు. 2001 ఫిబ్రవరి 28న మన గనులు మూతపడినవి. నీరు తోడే పంపులు ఆగినవి. 3 కిలోమీటర్లకు పైగా లోతున మన పెద్దలు చెమటోడ్చిన సొరంగాలు నీటితో నిండినవి. దొరలు విడిచినదానిని తీసుకొనుట కష్టం కాలేదు, నిలుపుకొనుటే కష్టమైనది.

పొట్టకూటికి ఊళ్ళు విడిచి వచ్చిన మనలో అనేకులకు సొంత ఊరిలో తాతలనాటి ఇల్లో, బావియో, తలుపుకు తాళం వేసిన దేవుని గదియో ఉన్నది. అది కూడా మనకు వేరొకరు విడిచిపోయినదే. సంవత్సరానికి ఒక్కసారైనా పోయి, కప్పు చూచి, చెదలు దులిపి, దీపం పెట్టి రావలెనని నా మనవి.

కొత్త సంవత్సరంలో మన కుటుంబాలన్నిటికీ ఆ కురుడుమలె వినాయకుడు ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక.