ఒక్క కప్పు కాఫీకి ఏ పరికరం? – కొనే ముందు ఇంటివారు తెలుసుకోవలసినవి

ఉమ్మడి కుటుంబాలున్న రోజుల్లో సరిహద్దు పల్లెల ఇళ్ళలో తెల్లవారుజామున ఒక పెద్ద ఫిల్టరు నిండా కాఫీ డికాక్షన్ దిగేది. నేడు పిల్లలు బెంగళూరులోనో, చెన్నైలోనో, విదేశాలలోనో ఉద్యోగాలు చేస్తుండగా ఊరి ఇంట్లో ఒకరిద్దరు పెద్దలే మిగులుతున్నారు. వారికి కావలసినది పూటకు ఒక కప్పు, మించితే రెండు కప్పులు. ఈ అవసరానికి తగిన పరికరాలు నేడు అనేకం విపణిలో ఉన్నాయి. పండుగలకు వచ్చే పిల్లలు వీటిని కానుకగా తేవడమూ పరిపాటి అయింది. కాని తెచ్చిన కొద్దికాలానికే ఆ పరికరం అటక ఎక్కితే పెట్టిన సొమ్ము వృథా. ఏ పరికరం ఎలా పనిచేస్తుంది, దేనికి ఎంత ఖర్చు, ఎవరి ఇంటికి ఏది తగినది అన్న విషయాలను ఇక్కడ వివరిస్తున్నాము.

ముందుగా కప్పులో ఏముండాలి?

పరికరాన్ని ఎంచుకొనే ముందు మనం త్రాగే కాఫీ ఏదో నిర్ణయించుకోవాలి. దక్షిణాది ఇళ్ళలో కాఫీ అంటే సుమారు 40 మిల్లీలీటర్ల చిక్కని డికాక్షన్‌కు 100 మిల్లీలీటర్ల వేడి పాలు, తగినంత చక్కెర. ఐరోపాలో పుట్టిన యంత్రాలు ఇచ్చేది పాలు లేని చిన్న కప్పు ఎస్ప్రెస్సో. అమెరికాలో వాడుకలో ఉన్న యంత్రాలు ఇచ్చేది 180 నుండి 300 మిల్లీలీటర్ల పలుచని నల్ల కాఫీ. అందులో పాలు కలిపితే మనకు అలవాటైన చిక్కదనం రాదు.

ఇక్కడే ఒక ముఖ్య విషయాన్ని గమనించాలి. సాధారణ క్యాప్సూల్ యంత్రం పాలను కాచదు. దాని నీటి తొట్టిలో పాలు పోస్తే లోపలి సన్నని గొట్టాలు మూసుకొనిపోయి యంత్రమే పాడవుతుంది. పాలు నురుగు తెప్పించే సాధనాన్ని విడిగా కొనాలి, లేదా పొయ్యి వెలిగించి పాలు కాచుకోవాలి. పొయ్యి వెలిగించక తప్పనప్పుడు యంత్రం వల్ల కలిగే సౌకర్యంలో సగం తరిగిపోయినట్లే.

చిన్న ఉక్కు ఫిల్టరు

ఒకరిద్దరికి సరిపడే చిన్న ఫిల్టర్లు పాత్రల దుకాణాలలో దొరుకుతాయి. పై గిన్నె అడుగున సన్నని రంధ్రాలుంటాయి. పొడిని అందులో వేసి, గొడుగు ఆకారపు బిళ్ళతో తేలికగా అదిమి, మరిగి దించిన నీటిని పోస్తే డికాక్షన్ బొట్టుబొట్టుగా క్రింది గిన్నెలోకి దిగుతుంది. 10 గ్రాముల పొడికి 60 మిల్లీలీటర్ల నీరు పోస్తే కొంత పొడి పీల్చుకోగా సుమారు 40 మిల్లీలీటర్ల డికాక్షన్ వస్తుంది. ఇది ఒక కప్పుకు సరిపోతుంది.

పెద్ద ఫిల్టరులో కొద్ది పొడి వేస్తే సరిపోతుందని చాలామంది భావిస్తారు. అది సరికాదు. వెడల్పు గిన్నెలో పొడి పలుచగా పరచుకొంటుంది, నీరు నిలువక జారిపోతుంది, డికాక్షన్ పలుచనవుతుంది. కావున ఒంటరిగా ఉండేవారు పాత పెద్ద ఫిల్టరును పక్కనపెట్టి చిన్నది కొనుక్కోవడమే మేలు. రంధ్రాలు సమంగా, సన్నగా ఉన్నాయో లేదో వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. రెండు గిన్నెలు మరీ బిగువుగా కూర్చుంటే వృద్ధుల చేతులకు విప్పడం కష్టం. ఈ పరీక్షను దుకాణంలోనే చేసుకోవాలి.

దీని లోపం సమయం. డికాక్షన్ దిగడానికి 15 నుండి 20 నిమిషాలు పడుతుంది. రాత్రి పడుకొనే ముందే నీరు పోసి ఉంచడం దీనికి పాత ఉపాయం. ఇందులో చెడిపోయే భాగమంటూ లేదు. రంధ్రాలు మూసుకొంటే సన్నని సూదితో తెరుచుకోవచ్చు.

మోకా పాత్ర

1933లో ఇటలీలో బియాలెట్టి సంస్థ ద్వారా వెలువడిన పరికరమిది. క్రింది అరలో నీరు, మధ్య జల్లెడలో పొడి ఉంటాయి. పొయ్యి మీద పెట్టగానే ఆవిరి ఒత్తిడికి నీరు పొడి గుండా పైకి ఎక్కి పై అరలో చేరుతుంది. ఐదారు నిమిషాలలో చిక్కని కాఫీ సిద్ధమవుతుంది. పాలు కలపడానికి ఇది బాగా పనికివస్తుంది.

కొనేటప్పుడు మూడు సంగతులు చూడాలి. మొదటిది పరిమాణం. మోకాను నిండుగానే వాడాలి, మూడు కప్పుల పాత్రలో ఒక కప్పు సరిగా రాదు. రెండవది పొయ్యి. ఒక కప్పు పాత్ర అడుగు చిన్నది కనుక గ్యాసు పొయ్యి కాళ్ళ మీద నిలువదు, దానికొక చిన్న ఆనిక కావాలి. అల్యూమినియం పాత్ర ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు. మూడవది భద్రత. క్రింది అరకు ఉండే ఆవిరి కవాటానికి దిగువ వరకే నీరు పోయాలి, పొడిని అదమరాదు. చికోరీ ఎక్కువగా కలిసిన సన్నని పొడి నీటిని పట్టి ఉంచి జల్లెడను మూసివేయవచ్చు. చికోరీ లేని, కొంచెం రవ్వగా ఆడించిన పొడి దీనికి తగినది.

చేతితో వాడే ఇతర సాధనాలు

ఫ్రెంచి ప్రెస్‌లో పొడిని వేడి నీటిలో నాలుగు నిమిషాలు నానబెట్టి జల్లెడను క్రిందికి నొక్కుతారు. రవ్వగా ఆడించిన పొడి కావాలి. కాఫీ పలుచగా వస్తుంది కనుక నల్ల కాఫీ త్రాగేవారికే తగును. గాజుపాత్ర పగిలే భయం కూడా ఉంది. 2005లో అమెరికాలో ఆలన్ ఆడ్లర్ రూపొందించిన ఏరోప్రెస్ గట్టి ప్లాస్టిక్కుతో చేసినది. గాలి ఒత్తిడితో రెండు నిమిషాలలో చిక్కని కాఫీ వస్తుంది. కాని నొక్కడానికి చేతి బలం కావాలి. కాగితపు వడపోత 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి కనుగొన్నది. అదే పద్ధతిలో నేడు ఒక్కొక్క కప్పుకు సరిపడే కాఫీ సంచులు దొరుకుతున్నాయి. ప్రయాణాలకు ఇవి అనుకూలం.

క్యాప్సూల్ యంత్రం

నెస్‌ప్రెస్సో 1986లో స్విట్జర్లాండులో మొదలైంది. అమెరికాలో క్యూరిగ్ సంస్థ 1998లో కార్యాలయాలకు, 2004లో ఇళ్ళకు యంత్రాలను తెచ్చింది. ఒక్క కప్పుకు సరిపడే పొడిని గాలి చొరకుండా చిన్న డిబ్బీలో మూసి ఉంచుతారు. డిబ్బీని యంత్రంలో పెట్టి మీట నొక్కితే యంత్రం దానికి రంధ్రం చేసి వేడి నీటిని ఒత్తిడితో పంపుతుంది. ఒక నిమిషంలో కాఫీ సిద్ధం. కొలత, వడపోత, కడగడం అనే శ్రమ లేదు. ప్రతి కప్పూ ఒకే రుచిగా ఉంటుంది. ఇవి కాదనలేని సుగుణాలు.

కాని ఒక సంస్థ డిబ్బీ మరొక సంస్థ యంత్రంలో సాధారణంగా పట్టదు. యంత్రం కొన్ననాడే మనం ఆ డిబ్బీలకు కట్టుబడినట్లు. డిబ్బీలు ఊరి అంగడిలో దొరకవు, తెప్పించుకోవాలి. వాడిన డిబ్బీలు అల్యూమినియంతోనో ప్లాస్టిక్కుతోనో చేసినవి, లోపల తడి పిప్పి ఉంటుంది. వాటిని తిరిగి వాడుకలోకి తెచ్చే ఏర్పాటు మన పల్లెలలో లేదు. ఫిల్టరు పిప్పి పెరటి మొక్కల మొదళ్ళకు పోతుంది, డిబ్బీ పెంటకుప్పలో మిగిలిపోతుంది. క్యూరిగ్ రూపకర్తలలో ఒకరైన జాన్ సిల్వన్ 2015లో ఒక పత్రికతో మాట్లాడుతూ, దీనిని తయారుచేసినందుకు తనకు అప్పుడప్పుడు బాధ కలుగుతుందనీ, ఖర్చు ఎక్కువ కనుక తన ఇంట్లో ఆ యంత్రం లేదనీ చెప్పడం గమనార్హం.

యంత్రం ధర కాదు, కప్పు ధర

పరికరం ధర ఒకసారి ఇచ్చేది, కప్పు ధర ప్రతిరోజూ ఇచ్చేది. ఉదాహరణకు కిలో కాఫీ పొడి 800 రూపాయలనుకొందాము. 10 గ్రాముల కప్పుకు 8 రూపాయలు. రోజుకు రెండు కప్పుల చొప్పున నెలకు 480 రూపాయలు. ఒక డిబ్బీ 50 రూపాయలనుకొంటే అవే 60 కప్పులకు నెలకు 3,000 రూపాయలు. వ్యత్యాసం నెలకు 2,520, ఏడాదికి 30,240 రూపాయలు. పాలు, చక్కెర ఖర్చు రెండింటికీ సమానమే. ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతాయి కనుక పాఠకులు తమ ఊరి ధరలతో ఈ లెక్కను తిరిగి వేసుకోవాలి. యంత్రాన్ని పిల్లలు కానుకగా ఇచ్చినా డిబ్బీల ఖర్చు ఎవరు భరిస్తారన్నది ముందే మాట్లాడుకోవడం మంచిది.

విద్యుత్తు – విదేశీ యంత్రాలు

క్యాప్సూల్ యంత్రాలు సాధారణంగా 1,200 నుండి 1,500 వాట్లవి. 1,400 వాట్ల యంత్రం కప్పుకు రెండు నిమిషాలు పనిచేసినా నెలకు 60 కప్పులకు మూడు యూనిట్లు కూడా కాలదు. కావున బిల్లు గురించి భయం అక్కరలేదు. సమస్య సరఫరాలో ఉంది. ఇళ్ళలో సాధారణంగా ఉండే చిన్న ఇన్వర్టరు ఇంత భారాన్ని మోయలేదు. కరెంటు పోయిన పూట కాఫీ లేనట్లే. ఎర్తింగు సరిగా ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గులోనే దీనిని వాడాలి.

అమెరికా నుండి తెచ్చే యంత్రాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230 వోల్టులు. అక్కడి యంత్రాన్ని ఇక్కడ నేరుగా తగిలిస్తే వేడి తీగ మీద మూడున్నర రెట్లకు మించిన భారం పడి కాలిపోతుంది. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న సాధనం వోల్టేజిని మార్చదు. 1,400 వాట్ల యంత్రానికి సుమారు 2,000 వాట్ల ట్రాన్స్‌ఫార్మరు కావాలి. అది బరువైనది, ఖరీదైనది. కువైట్, ఎమిరేట్స్ నుండి తెచ్చేవి మన వోల్టేజికి సరిపోతాయి, ప్లగ్గు మాత్రమే వేరు. ఏ దేశానిదైనా యంత్రం అడుగున అతికించిన రేకు మీద 220–240 వోల్టులు, 50 హెర్ట్‌జ్ అని ఉన్నదో లేదో చదివిన తరువాతే తగిలించాలి. ఒక దేశంలో కొన్న వస్తువు గ్యారంటీ సాధారణంగా మరొక దేశంలో చెల్లదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నీరు, పొడి

కోలారు, అనంతపురం, కృష్ణగిరి వంటి మెట్ట ప్రాంతాలలో బోరు నీటిలో లవణాలు ఎక్కువ. ఈ నీరు వాడితే యంత్రంలోని సన్నని గొట్టాలలో తెల్లని సున్నపు పొర పేరుకొంటుంది. అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు నీటితో శుభ్రం చేయాలి, లేదా శుద్ధి చేసిన నీటినే వాడాలి. ఉక్కు ఫిల్టరుకైతే నిమ్మరసం కలిపిన వేడి నీటిలో నానబెట్టి తోమితే చాలు.

పొడి ఎక్కడ దొరుకుతుందన్నదే పరికరాన్ని నిర్ణయించాలి. కర్ణాటక సరిహద్దు పట్టణాలలో చిక్కమగళూరు, కొడగు గింజలను అప్పటికప్పుడు ఆడించి ఇచ్చే కాఫీ దుకాణాలున్నాయి. తమిళనాట సేలం దగ్గరి ఏర్కాడు కొండలలో కాఫీ పండుతుంది. ఒడిశాలో కోరాపుట్ కాఫీ, దానికి చేరువలోనే 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఉన్నాయి. టీ వాడుకే ఎక్కువగా ఉన్న మహారాష్ట్ర వైపు వారు పొడిని తెప్పించుకోవలసి రావచ్చు. ఒకరే త్రాగే ఇంట్లో కిలో పొడి కొంటే వాసన పోతుంది. 100 లేక 200 గ్రాముల చొప్పున కొని బిగువైన డబ్బాలో దాచుకోవాలి. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని మన ఆహార నిబంధనలు చెబుతున్నాయి. కాఫీ ఎంత, చికోరీ ఎంత అన్నది పొట్లం మీద ముద్రించి ఉండాలి. అది చదివి కొనాలి.

ఆరోగ్యం మాట

కాఫీ గింజలలోని కొన్ని తైల పదార్థాలు చెడు కొలెస్టరాలును పెంచుతాయి. నీటిలో పొడి వేసి మరిగించిన కాఫీలో, ఫ్రెంచి ప్రెస్ కాఫీలో ఇవి ఎక్కువ. కాగితపు వడపోత వీటిని చాలావరకు ఆపుతుంది. కొలెస్టరాలు ఎక్కువగా ఉన్నవారు తమ వైద్యుని అడిగి పద్ధతిని ఎంచుకోవడం మంచిది.

ఎవరికి ఏది?

పాల కాఫీ అలవాటుగా ఉండి, ఒకరిద్దరే ఉన్న ఇంటికి చిన్న ఉక్కు ఫిల్టరు అన్ని విధాలా తగినది. అంతసేపు ఆగలేనివారు, గ్యాసు పొయ్యి ఉన్నవారు మోకాను ఎంచుకోవచ్చు. నల్ల కాఫీ త్రాగేవారికి కాగితపు వడపోత గాని, ఏరోప్రెస్ గాని చాలును. చేతి వణుకు వల్ల మరిగిన నీరు పోయలేని పెద్దలకు మన దేశంలోనే తయారయ్యే విద్యుత్ డికాక్షన్ యంత్రాలున్నాయి. ఇవి ఏ పొడితోనైనా పనిచేస్తాయి, డిబ్బీలతో పని లేదు. క్యాప్సూల్ యంత్రం పట్టణంలో ఉంటూ, నల్ల కాఫీ ఇష్టపడుతూ, కప్పు ధరకు వెనుకాడనివారికి తగినది.

పెద్దలకు కానుక ఇవ్వదలచిన పిల్లలు ఏది కొన్నా ముందుగా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. అమ్మానాన్నలు త్రాగే కాఫీ ఇందులో వస్తుందా? దీనికి కావలసిన పొడి వారి ఊళ్ళో దొరుకుతుందా? కరెంటు లేని పూట పనిచేస్తుందా? చెడిపోతే దగ్గరలో బాగుచేసేవారు ఉన్నారా? నాలుగింటికీ అవునన్న సమాధానం వచ్చిన పరికరమే ఆ ఇంటికి తగిన పరికరం, దాని ధర ఎంత తక్కువైనా సరే.