సభ్యుల సంఘంలో గుమాస్తా



మన సర్వీసులో ఎంత కఠినుడైన ఆఫీసరు దొరికినా, మామూలుగా చార్జిమెమో ఇవ్వకుండా, సంజాయిషీ వినకుండా ఉద్యోగం ఊడగొట్టడం కుదిరేది కాదు. రాజ్యాంగం 311వ అధికరణం మనకు అండ. ఆ అండ లేని గుమాస్తాలు మన పక్క వీధిలోనే ఉండేవారు. డాక్టర్లు, ఇంజనీర్లు, వ్యాపారులు చందాలు వేసుకొని పెట్టుకున్న సంఘాల్లో రసీదులు రాసి, మినిట్స్ టైపు చేసే వారి సంగతి నేను చెప్పేది.

వారి కష్టం వేరు. మనకు ఆఫీసరు ఒక్కడే. అక్కడ చందా కట్టిన ప్రతి సభ్యుడూ యజమానే. ఏడాదికో రెండేళ్లకో కార్యవర్గం మారుతుంది. పాత కార్యదర్శి చెప్పగా చేసిన పనికి కొత్త కార్యదర్శి కోప్పడతాడు. దిగిపోయిన వర్గం మనిషి అని ముద్ర పడిందా, ఇంక అంతే. రిటైరయ్యాక నేనూ అటువంటి ఒక సంఘంలో రెండేళ్లు లెక్కలు రాశాను. ఒకే వోచరు మీద ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా ఆర్డరు వేయడం కళ్లారా చూశాను. నాకు పింఛను ఉంది కనుక సరిపోయింది.

2025 వరకు అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద లేబర్ కోర్టుకెక్కాలంటే, పనిచేసే చోటు ‘పరిశ్రమ’ అయి ఉండాల్సి వచ్చేది. 1962లో బొంబాయి సొలిసిటర్ల ఆఫీసు గుమాస్తాలకు, 1967లో మద్రాసు జింఖానా క్లబ్బు ఉద్యోగులకు సుప్రీంకోర్టు చెప్పిన జవాబు ఒకటే: మీది పరిశ్రమ కాదు. ఇద్దరూ అడిగింది బోనసే!

దారి తెరిచింది నీళ్ల బోర్డు కేసు. బెంగుళూరు నీటి సరఫరా బోర్డు కొందరు ఉద్యోగులకు జరిమానా వేసి సొమ్ము వసూలు చేసింది. మా మాట వినకుండా శిక్షించారని వాళ్లు లేబర్ కోర్టుకెళ్లారు. మాది పరిశ్రమే కాదని బోర్డు వాదన. 1978 ఫిబ్రవరి 21న ఏడుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రధాన తీర్పు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్‌ది. లాభం ఉందా అని కాదు, యజమానీ ఉద్యోగులూ కలిసి ఒక పద్ధతిగా జనానికి కావలసిన సరుకో సేవో అందిస్తున్నారా అని చూడాలన్నారు. ఒక ప్లీడరు, ఒక గుమాస్తా వంటి చిన్న ఏర్పాట్లు మినహా క్లబ్బులు, వృత్తి సంస్థలు చట్టం లోపలికి వచ్చాయి. 1982లో పార్లమెంటు ఈ నిర్వచనాన్ని కుదిస్తూ సవరణ చేసింది గాని, అది అమలులోకి రానేలేదు.

నేను లెక్కలు రాసిన సంఘంలో టైపిస్టును, కార్యవర్గం మారిన వారంలోనే, రేపటినుంచి రావద్దన్నారు. కాగితం కూడా ఇవ్వలేదు. ఈ తీర్పు సంగతి చెప్పి లేబర్ ఆఫీసుకు అర్జీ రాసిచ్చాను. అయిదు నెలలకు బకాయి జీతం చేతికొచ్చింది. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు.