గాడిలో నిలిచిన గొంతు: బిలాస్‌పూర్ తెలుగువారు, ఘంటసాల రికార్డులు

ఒక గాయకుడు కన్నుమూస్తే ఆయన అభిమానులు ఏం చేస్తారు? దగ్గరలో ఉన్నవారు కడసారి చూపుకు వెళతారు. దూరాన ఉన్నవారు ఆయన పాటలు మళ్ళీ వింటారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల వెంకటేశ్వరరావు గారు మరణించినప్పుడు తెలుగువారు ఈ రెండు పనులూ చేశారు. రెండో పనికి ఒక చరిత్ర ఉంది, దాని వెనుక కొంత విజ్ఞానశాస్త్రం కూడా ఉంది. ఈ పాఠంలో ఆ రెండింటినీ ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్ నుంచి చూద్దాం.

అంత దూరాన తెలుగువారు ఎందుకున్నారని మీకు సందేహం రావచ్చు. జవాబు రైలుపట్టాల్లో ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు మార్గం పూర్తయింది. 1902లో వాల్తేరు, కటక్‌ల మధ్య తూర్పుతీరపు మార్గం కూడా ఇదే కంపెనీలో కలిసింది. దాంతో ఉత్తరాంధ్ర యువకుడికి తన ఊరి పక్క స్టేషనులోనూ, బిలాస్‌పూర్ లోకో షెడ్డులోనూ ఉద్యోగమిచ్చే కంపెనీ ఒక్కటే అయింది. 1931లో రాయపూర్, విజయనగరం మార్గం పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్లుగా వెళ్ళినవారు రైల్వే కాలనీల్లో కాపురాలు పెట్టారు. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే జోనుకు కేంద్రమయ్యేనాటికి వారి మనవలు కూడా పెద్దవారయ్యారు.

ఘంటసాల జీవితంలోనూ విజయనగరానికి పెద్ద చోటుంది. ఆయన 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. సంగీతం కోసం చిన్నతనంలోనే విజయనగరం చేరి, మధుకరం ఎత్తుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. తరువాత మద్రాసు చేరి పాతాళభైరవి (1951), దేవదాసు (1953), మాయాబజార్ (1957) వంటి చిత్రాలతో ఇంటింటి గొంతు అయ్యారు. విజయనగరం ప్రాంతం నుంచి బిలాస్‌పూర్ వెళ్ళిన కుటుంబాలకు ఆ గొంతు తమ ఊరిలో సాధన చేసిన గొంతు.

ఆ గొంతు అక్కడికి రెండు దారుల్లో చేరేది. మొదటిది రేడియో. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బిలాస్‌పూర్ అక్కడికి సుమారు 600 కిలోమీటర్ల దూరం. పగటిపూట ఎగువ వాతావరణంలోని ‘డి’ పొర మీడియం వేవ్ తరంగాలను పీల్చేసుకుంటుంది. సూర్యుడు అస్తమించాక ఆ పొర చాలావరకు మాయమవుతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైకి వెళ్ళి, పై పొరల్లో వంగి, దూరంగా నేలకు దిగుతాయి. అందుకే పగలు గరగరమన్న తెలుగు రాత్రి స్పష్టమయ్యేది. డ్యూటీ దిగి వచ్చినవారు చీకటి పడ్డాక రేడియో ముల్లు తిప్పడంలో ఇంత భౌతికశాస్త్రం ఉంది.

రెండో దారి గ్రామఫోను ప్లేటు. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత ప్లేట్లను లక్కతో చేసేవారు. లక్క అంటే ఏమిటి? మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై ఒక చిన్న పురుగు స్రవించే జిగురు. ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్ అడవులు దానికి ప్రసిద్ధి. ఆ లక్కకు రాతిపొడి, మసి కలిపి, వేడిచేసి, అచ్చులో నొక్కితే ప్లేటు తయారవుతుంది. హెచ్.ఎం.వి. గుర్తుతో వచ్చే ప్లేట్లను గ్రామఫోన్ కంపెనీ కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారంలో అచ్చువేసేది. మద్రాసులో పాడిన పాట కలకత్తాలో ప్లేటుగా మారి తెలుగు ఇళ్ళకు చేరేదన్నమాట.

ప్లేటు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. నాటకాల్లో ఒక్క పద్యానికి సాగదీసే రాగానికి అందులో చోటు లేదు. ఘంటసాల పద్యం పాడే తీరు ఆ కొలతకు చక్కగా ఒదిగింది. రాగం ఉంటుంది, కాని అది మాటను మింగదు. కరుణశ్రీ పద్యాలు ‘పుష్పవిలాపం’ ఆయన గొంతులో అంతమందికి కంఠస్థం కావడానికి ఈ స్పష్టతే కారణం. తెలుగు బడి దొరకని పిల్లలకు ఇటువంటి ప్లేట్లు ఉచ్చారణ పాఠాలుగా కూడా పనికొచ్చాయి.

ఇప్పుడు 1974కు వద్దాం. అంతకు రెండేళ్ళ ముందు గుండెనొప్పితో ఆసుపత్రి పాలై కోలుకున్న ఘంటసాల, భగవద్గీతలోని శ్లోకాలను ఎంచుకుని తెలుగు తాత్పర్యంతో పాడారు. అటువంటి పనికి మూడు నిమిషాల ప్లేటు చాలదు. నిమిషానికి ముప్పైమూడు సార్లు తిరుగుతూ, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టే వినైల్ లాంగ్‌ప్లే రికార్డు దానికి తగింది. అది విడుదలయ్యేనాటికి గాయకుడు లేరు. ఆయన కోసం దుఃఖిస్తున్నవారికి, అంతకుముందెన్నడూ వినని ఆయన గానం చేతికందింది.

తరువాత జరిగింది మీకు తెలుసు. తెలుగు ఇళ్ళలో ఎవరైనా పోయినప్పుడు ఆ గీతనే వినిపించడం ఆనవాయితీ అయింది. మనం ఎవరికోసం దుఃఖిస్తూ విన్నామో ఆ గొంతే మన ఇతర దుఃఖాలన్నిటికీ తోడైంది. ఒక రికార్డు ఆచారంగా మారడం చరిత్రలో అరుదు. 2020 సెప్టెంబరు 25న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు పోయినప్పుడు కోవిడ్ కారణంగా చాలామంది ఇళ్ళలోనే ఉండి, ఫోన్లలో పాటలు వింటూ ఆయనను తలచుకున్నారు. దూరాన ఉన్న తెలుగువారు 1974లో చేసింది కూడా అదే.

అయితే ఫోనుకు, ప్లేటుకు ఒక తేడా ఉంది. ప్లేటును వినడమంటే దాన్ని కొంత అరగదీయడమే. గాడి గోడల్లోని వంపులే ధ్వని. హెచ్చు స్థాయి ధ్వనుల వంపులు చాలా సన్నగా ఉంటాయి కాబట్టి ముందు అవే అరుగుతాయి. స, శ, ష వంటి అక్షరాలు ముందుగా మొద్దుబారతాయి. ఒక ఇంట్లో బాగా అరిగిన ప్లేటు ఏదో చూస్తే, ఆ ఇల్లు ఎక్కువగా ప్రేమించిన పాట ఏదో తెలిసిపోతుంది.

కాబట్టి మీ ఇంట్లో, లేదా కాలనీలో ఎవరి అటకమీదైనా అటువంటి ప్లేట్లు ఉంటే కొన్ని జాగ్రత్తలు పాటించండి. లక్క ప్లేటును స్పిరిటుతో తుడవకండి, లక్క అందులో కరిగిపోతుంది. ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలబెట్టి ఉంచండి. తగిన ముల్లున్న యంత్రంపై ఒకసారి వినిపించి డిజిటల్ నకలు తీయించండి. లేబుల్ మీది చిత్రం పేరు, రచయిత పేరు, సంఖ్య ఒక పుస్తకంలో రాయండి. హిందీ, ఛత్తీస్‌గఢీ భాషల్లో పెరుగుతున్న మీ మనవలకు తెలుగు లిపి రాకపోవచ్చు. వారి కోసం ఆ వివరాలను నాగరి లిపిలోనూ రాయండి. ఆ పాటను ఇంట్లో ఎవరు, ఎప్పుడు వినేవారో పెద్దలనడిగి ఆ పక్కనే చేర్చండి. పాట నకళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ చివరి వివరం మాత్రం మీ ఇంట్లోనే దొరుకుతుంది, అదీ చెప్పేవారు ఉన్నంతకాలమే.