నెప్ట్యూన్ దొరికింది, వల్కన్ దొరకలేదు

సైన్సు పాఠ్యపుస్తకం చదివితే, విజ్ఞానం మెట్లెక్కినట్టు ఒక వరుసలో పెరిగిందనిపిస్తుంది. చరిత్ర తిరగేస్తే అంత సాఫీగా కనిపించదు. ఒకే శాస్త్రవేత్త ఒకే పద్ధతిని రెండుసార్లు వాడి, ఒకసారి గెలిచి ఒకసారి ఓడిపోయిన ఉదంతం చూడండి.

1781లో విలియం హెర్షెల్ యురేనస్‌ను కనుగొన్నాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆ గ్రహం న్యూటన్ సూత్రాలతో వేసిన లెక్కకు కాస్త పక్కగా నడుస్తోందని తేలింది. ఫ్రాన్సులో లెవెరియే, ఇంగ్లండులో ఆడమ్స్ ఎవరికి వారుగా, అవతల ఇంకో గ్రహం దాన్ని లాగుతోందని లెక్కకట్టారు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాలె, లెవెరియే చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలే నెప్ట్యూన్‌ను చూశాడు.

1859లో అదే లెవెరియే బుధగ్రహం కక్ష్యలో ఒక తేడాను బయటపెట్టాడు. సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే బిందువు, లెక్క ప్రకారం జరగవలసినదానికంటే ఎక్కువ జరుగుతోంది. నేటి కొలతలో ఆ తేడా శతాబ్దానికి 43 సెకన్లు. ఇక్కడ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. ఈసారీ కనబడని గ్రహమే కారణమన్నారు, దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. సూర్యగ్రహణాల వేళ వెతికారు. అలాంటి గ్రహం లేదు. చివరికి 1915 నవంబరులో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతం, ఏ గ్రహం సాయమూ లేకుండా ఆ 43 సెకన్లకు లెక్క చెప్పింది.

దీన్ని ముగ్గురు తత్త్వవేత్తలు మూడు రకాలుగా అర్థం చేసుకోమంటారు. 1934లో కార్ల్ పాపర్ అన్నది ఇది: ఏ పరిశీలన ఎదురైతే తాను తప్పని ఒప్పుకోవాలో చెప్పగలిగిన సిద్ధాంతమే సైన్సు. కొత్త ఊహతో పాత సిద్ధాంతాన్ని కాపాడుకోవచ్చు గానీ, ఆ ఊహ కూడా విడిగా పరీక్షకు నిలబడాలి. థామస్ కూన్ 1962లో వేరేగా చెప్పాడు. శాస్త్రవేత్తలు ఒక ఉమ్మడి చట్రంలో పనిచేస్తారు, లెక్క కుదరకపోతే దాన్ని చిక్కుముడిగా చూస్తారు తప్ప చట్రాన్ని వదలరు. చిక్కులు ముదిరి, మరో చట్రం దొరికినప్పుడే విప్లవం వస్తుంది. ఆ విప్లవాలను పాఠ్యపుస్తకాలు కనబడనీయవని కూడా అన్నాడు. 1965లో లండన్ సదస్సులో ఈ రెండు వాదాలూ ముఖాముఖి తలపడ్డాయి. ఇమ్రె లకటోష్ మధ్యేమార్గం వెతికాడు. అసలు సూత్రాన్ని కాపాడుకుంటూ చుట్టూ ఉన్న ఊహలను మార్చుకోవచ్చు, కానీ ఆ మార్పులు కొత్త విషయాలను ముందుగా చెబుతున్నాయా, అతుకులుగానే మిగులుతున్నాయా అని చూడాలన్నాడు.

ఇంజనీరుగా నాకు లకటోష్ మాట దగ్గరగా అనిపిస్తుంది. కొలత తేడా వస్తే మేం మొదట పరికరాన్ని, తర్వాత మేం అనుకున్న లోడునూ కొలతలనూ అనుమానిస్తాం. ప్రకృతి సూత్రాన్ని అనుమానించడం ఆఖరి మాట. అయితే ఆయన దగ్గరా ఒక లోటుంది. ఎప్పటిదాకా ఓపిక పట్టాలో చెప్పడు. 1860లో ఉన్నవాళ్లకు వల్కన్ మరో నెప్ట్యూన్‌లాగే కనిపించింది. తీర్పుకు 56 ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ ఆ చిన్న తేడాను ఎవరూ చెరిపేయకుండా లెక్కల్లో నిలిపి ఉంచడం వల్లే ఐన్‌స్టీన్‌కు అది పనికొచ్చింది.

సైన్సు మాట మారుస్తుంది కాబట్టి నమ్మనక్కర్లేదని వాదించేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. వాళ్లకు జవాబు ఇందులోనే ఉంది. న్యూటన్ సూత్రాలు చెత్తబుట్టలో పడలేదు, వంతెనలకూ ఉపగ్రహాల కక్ష్యలకూ వాటినే వాడుతున్నాం. అవి ఎక్కడిదాకా చెల్లుతాయో మాత్రం ఇప్పుడు ఇంకా బాగా తెలుసు.

మన బడి గురువులకు ఒక విన్నపం. ప్రయోగశాలలో పిల్లల రీడింగు పుస్తకంలోని విలువతో కలవకపోతే, దాన్ని కొట్టేయించకండి. పక్కనే ఆ తేడా ఎందుకొచ్చి ఉండొచ్చో రాయించండి, మార్కులు ఆ రాతకు కూడా వేయండి.