కరవు త్రవ్విన తెరచాపల బాట

అనంతపురమునుండి సముద్రయానమును గూర్చి ప్రసంగించుట కొందరు శ్రోతలకు వింతగా తోచవచ్చును. మా పీఠభూమిలో ఏటికి సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి మేఘములు పడమటి కనుమలలోనే తమ బరువును దించుకొని మా వైపునకు వట్టి గాలులై వచ్చును. ఈశాన్య మేఘములు తూర్పు తీరమున కురిసి కురిసి, మమ్ము చేరునప్పటికి చిక్కిపోవును. ఇచ్చట గాలికి కొదువ లేదు. ఆ గాలికి తెరచాప యెత్తుటకు నీరే లేదు. అయినను, తూర్పు తీరమున రేవునుండి రేవునకు తెరచాప పడవలు నడచిన చరిత్రలో ఒక ఘట్టము మా వంటి కరవు సీమల కష్టముతో ముడిపడి యున్నది. దానిని మనవి చేయుటయే మా యుద్దేశము.

తెలుగువారి నౌకాయానము మిక్కిలి ప్రాచీనము. శాతవాహనుల నాణెములపై రెండు తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మ కలదు. 1244వ సంవత్సర ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనమును వేయించెను. తుపానులో చిక్కి ఒడ్డునపడిన ఓడల సరకును పూర్వపు రాజులు బలిమిని హరించుచుండిరనియు, తాము న్యాయమైన సుంకము తప్ప మరేమియు గ్రహింపమనియు అందు చెప్పబడినది. దీనినిబట్టి ఆనాటి ఓడవానికి రెండు భయములుండెనని తెలియుచున్నది: ఒకటి కడలిలోని గాలి, రెండవది గట్టుమీది ప్రభువు. శాసనము రెండవదానికే మందు. మొదటి దానికి మందు లేదు.

మన తీరమున ఓడలు తలదాచుకొన దగిన సహజమైన రేవులు తక్కువ. మద్రాసు వంటి చోట్ల ఓడలు దూరముననే లంగరు వేయగా, మేకు లేకుండ కొబ్బరి త్రాళ్లతో పలకలను కుట్టి చేసిన మసూలా పడవలలో మనుష్యులను సరకును ఒడ్డునకు చేర్చెడివారు. ఓడల నిర్మాణమునకు పేరొందిన కోరంగి 1839 నవంబరు తుపానులో పాడయ్యెను. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్నమున ఉప్పెన సుమారు ముప్పదివేల మందిని పొట్టన బెట్టుకొనెను. ఇట్టి కడలిపై చిన్న తెరచాప పడవలో ఆలుబిడ్డలతో ప్రయాణమునకు ఎవరు సాహసింతురు? కావుననే సముద్రమును విడువక, సముద్రమున దిగక, ఇసుక దిబ్బల వెనుకగా పోవు నీటిబాట అవసరమయ్యెను.

అట్టి బాటకు 1806లో మద్రాసు వద్ద నాంది జరిగినది. బేసిల్ కాక్రేన్ అను వర్తకుడు ఎన్నూరు వరకు ఉప్పునీటి కాలువను త్రవ్వించెను. 1837లో దానిని ప్రభుత్వము తీసికొనెను. తరువాత అది అంచెలంచెలుగా పులికాట్ సరస్సు మీదుగా నెల్లూరు తీరమువైపు సాగినది.

ఇంతలో 1876లో వానలు తప్పినవి. ధాత కరవుగా మన పెద్దలు చెప్పుకొను మహాక్షామము వచ్చినది. అప్పటి బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణముగ దెబ్బతినెను. అనంతపురము అప్పటికి బళ్లారి జిల్లాలోని భాగమే. ప్రత్యేకమైన జిల్లా యైనది 1882లో. దక్షిణాపథమున రెండేండ్లలో అరకోటికి పైబడిన జనులు మరణించిరని అంచనా. 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్, సహాయపు పనులలోని కూలివానికి రోజునకు ఒక పౌను ధాన్యమును, పైన కొద్ది చిల్లరయు చాలునని నిర్ణయించెను. ఆ తిండితో దినమంతయు మట్టి మోయువాడు బ్రతుకజాలడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ గట్టిగా వాదించెను. తరువాత కూలి కొంత పెరిగినది. అప్పటికే ఎందరో నేల కొరిగిరి.

అట్టి సహాయపు పనులలో ఒకటిగా, 1877–78లో మద్రాసున అడయారు, కూవము నదులను కలుపుచు సుమారు 8 కిలోమీటర్ల కాలువను క్షామపీడితులు త్రవ్విరి. కాలువకంతకును నాటి గవర్నరు పేరిట ‘బకింగ్‌హామ్ కాలువ’ యను పేరు వచ్చినది.

ఈ బాట పూర్తియైన పిమ్మట కాకినాడలో పడవ యెక్కిన కుటుంబము కడలి ముఖము చూడకయే మద్రాసు చేరవచ్చును. గోదావరిని దాటి ఏలూరు కాలువ, బెజవాడలో కృష్ణను దాటి కొమ్మమూరు కాలువ, పెదగంజాము వద్ద బకింగ్‌హామ్ కాలువ – ఇదియే మార్గము. గూటి పడవలో భార్య వంట చేయుచుండగా, భర్త పైన కూర్చుండి సరంగుతో గాలి మాటలాడుకొనుచు పోయెడి రోజులవి. గాలి అనుకూలించిన తెరచాప; లేనిచో పడవవాండ్రు గట్టున నడచుచు త్రాటితో లాగెడివారు. లోతు తక్కువైన చోట గడకర్రలు. లాకుల వద్ద నీటిమట్టము సరిపడు వరకు నిరీక్షణ. తూర్పుదిక్కున దిబ్బల కావల అలల ఘోష వినవచ్చుచుండును. పడవలోని పసిబిడ్డ మాత్రము నిశ్చింతగా నిద్రించును. ఉప్పు, బియ్యము, వంటచెరకు ఈ బాటనే పట్టణములు చేరినవి.

1899లో బెజవాడ–మద్రాసు రైలుదారి వచ్చిన పిమ్మట ఈ ప్రయాణము లెక్కకు తగ్గెను. 1965, 1966 తుపానులు కాలువను పూడ్చి చెరచినవి. అయినను 2004 డిసెంబరు 26న సునామీ అలల వేగమును ఆ పాతకాలువ కొంత అణచి తీరవాసులను కాపాడినది. 2008లో దానిని నాల్గవ జాతీయ జలమార్గమున చేర్చిరి.

కరవున పని కల్పించుట ఆనాడు ప్రభువు దయ. ఆ దయను పౌనులలో తూచిరి. నూటముప్పది సంవత్సరములకు, 2006 ఫిబ్రవరి 2వ తేదీన, ఏటికి నూరు దినముల పనిని గ్రామీణ కుటుంబమునకు హక్కుగా నొసగిన ఉపాధి హామీ పథకము దేశమంతటికి మా జిల్లాలోని బండ్లపల్లిలోనే ఆరంభమయ్యెను. ఈ రెండింటి నడుమనున్న దూరము ఎంతటిదో కరవు నెరిగిన మాకు తెలియును.

కాలువకు గవర్నరు పేరు నిలిచినది. పలుగు పట్టినవారిలో ఒక్కరి పేరును నిలువలేదు. చెన్నపట్నము వెళ్లిన శ్రోతలు మురికిపట్టిన ఆ కాలువ వంతెనను దాటునపుడు, క్షణకాలమాగి వారిని తలచుకొందురు గాక.